బోరింగు మూసిన రోజు

చిన్నక్క ఒక బిందె పైకెత్తి కింది బిందెలోకి నీళ్లు వంచుతోంది. ధార గాలిలో సాగి, బుడగలు లేపుతూ పడుతోంది. బోరింగులోంచి అద్దంలా వచ్చే ఆ నీళ్లు కాసేపటికే ఎర్రబారతాయి. నిలవ ఉంచితే ఎరుపు అడుక్కి దిగుతుంది. పై నీళ్లు తేర్చుకుని, అడుగు మడ్డిని బోరింగు పక్కన ఆకులు కుళ్లే గుంతలో పారబోస్తుంది. మారికుప్పానికి కాపురానికొచ్చినప్పుడు అత్త నేర్పిన పద్ధతి.

"కాపీ చల్లార్చినట్టు ఏందిమే అది?" మంచం మీది నుంచి మొగుడు ఎల్లప్ప దగ్గుతూనే నవ్వాడు. "నాకు బోరింగు కాడ దోసిలి పట్టి తాగితేనే దప్పిక తీరేది."

ఆయన అరచేతులు చింతచెట్టు బెరడులా గట్టిపడి బొడిపెలు కట్టాయి. పార పట్టినందుకని అందరూ అనుకున్నారు. బంగారు గనిలో పని మానేసి ఏళ్లయినా అవి మెత్తబడలేదు.

పొద్దెక్కాక, నీళ్లు పరీక్షించే గిరిజ కోలారు నుంచి వచ్చింది. పోయిన నెల సీసాల్లో పట్టుకెళ్లిన నీళ్లలో పాషాణం, అదే ఆర్సెనిక్ విషం, తేలిందట. బోరింగు ఈరోజే మూసేస్తారు.

"లోతులో, గాలి తగలని చోట, అది నీళ్లలో కరిగి ఉంటాదమ్మా. పైకొచ్చి గాలి తగిల్తే నీళ్లలోని ఇనుము తుప్పవతాది. పాషాణం రూపు మారి ఆ తుప్పును పట్టుకొని కిందికి దిగతాది. అంతా దిగదు, కొంత పైనీళ్లలోనే నిలుస్తాది."

"మరి నేను పారబోసిన మడ్డి?"

గిరిజ గుంత వైపు చూసింది. "కుళ్లిన బురదలో గాలాడదు గదా. ఆడ తుప్పు కరిగి, విషం మళ్లా విడిపోతాది. నీళ్లతోనే భూమిలోకి ఇంకతాది."

చిన్నక్క మంచం వైపు చూసింది. "ఈయప్ప నేరుగా బోరింగు నీళ్లే తాగతాడమ్మా."

"ఆ అరచేతుల బొడిపెలు ఈ విషంతో వచ్చినవే అమ్మా. ఇంగ ఒక్క గుక్క తాగనీవద్దు. ట్యాంకరు నీళ్లు తాపించు."

గని సర్కారు చేతికొచ్చిన ఏడాది వేసిన బోరింగు అది. షిఫ్టు దిగిన మనుషులు ముఖాల నిండా దుమ్ముతో అక్కడికే వచ్చేవాళ్లు. ఒకరు కొడితే ఒకరు తాగేవాళ్లు. నీళ్లు మోచేతుల మీదుగా కారి దుమ్ములో చారలు గీసేవి. ఎల్లప్ప పగలబడి నవ్వడం చిన్నక్క మొదట చూసింది అక్కడే.

ఇత్తడి గ్లాసు నిండా ట్యాంకరు నీళ్లు తెచ్చిందామె.

"బ్లీచింగు మందు వాసన కొడతాది. నాకొద్దు."

"నాకోసరం తాగప్పా."

"ఆ బోరింగు నన్నేం చేసింది? నా జతగాళ్లంతా ఆ నీళ్లు తాగినోళ్లే."

"వాళ్లల్లో ఇప్పుడు ఎవురుండారు?"

ఎల్లప్ప గోడ వైపు తిరిగి పడుకున్నాడు. గ్లాసు మంచం కింద పెట్టి, చిన్నక్క క్యాంటీనులో గిన్నెలు తోమడానికి వెళ్లిపోయింది.

సాయంత్రం వచ్చేసరికి బోరింగు పిడి ఊడదీసి ఉంది. మూతికి పూసిన సిమెంటు ఇంకా ఆరలేదు. ఇంట్లోంచి దగ్గు వినిపించలేదు. ఎల్లప్ప గోడ వైపే తిరిగి ఉన్నాడు. భుజం మీద చెయ్యి వేసింది. చల్లగా తగిలింది.

చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు. తర్వాత వంగి, మంచం కిందికి చూసింది.

ఇత్తడి గ్లాసులో నీళ్లు సగమే ఉన్నాయి.