తన్నాక చాపే చెయ్యి

వనజాక్షి ఎడమకాలు ఇసుకలో ఊని, కుడి అరికాలితో కామాక్షిగారి మోకాలి మీద తన్నింది. దెబ్బ బాగానే పడింది. అయితే కాలు కిందికి దిగీ దిగకముందే మా అమ్మాయి చెయ్యి ముందుకు చాపింది. కాలు తగిలినందుకు ఆమెను తాకి కళ్ళకద్దుకోబోయింది. కామాక్షిగారు ఆ చేతినే ఒడిసిపట్టి మెలిపెట్టారు.

"ఇదేందమ్మా? తన్ని దండం పెడతావా?"

పడవ నీడలో వల బాగుచేస్తున్న మా అక్క మాలకొండమ్మ పకపకా నవ్వింది. "పెట్టనీ కామాక్షమ్మా! ఆ బైకోడు అక్షింతలేసి, సల్లగుండమని దీవించి పోతాడులే."

నాకు నవ్వు రాలేదు. తెల్లారితే సోమవారం.

వనజాక్షి రొయ్యల కంపెనీలో పనిచేస్తుంది. సాయంత్రం కంపెనీ వ్యాన్ రోడ్డు మీద దింపితే, రొయ్యల గుంటల మధ్య గట్టు వెంబడి నడిచి ఇల్లు చేరాలి. కొన్నాళ్ళుగా ఒకడు బైకు మీద వెంటపడుతున్నాడు. మొన్న చున్నీ పట్టుకుని లాగాడు. హెల్మెట్ తియ్యడు, నంబరు ప్లేటుకు బురద పూసుకుని వస్తాడు. పోలీసులకు ఏమని చెప్పాలి? ఆ వేళకు నాకు రొయ్యపిల్లల్ని పెంచే హేచరీలో డ్యూటీ. పని మానెయ్యమన్నాను.

"వాడు తప్పు చేస్తే నేను ఇంట్లో కూర్చోవాల్నా నాయినా?" అంది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. హైస్కూల్లో ఆటలు నేర్పే కామాక్షిగారికి కరాటే వచ్చు. ఆదివారం ఆమె నేర్పుతారు. ఆమె సరేనంటే పనికి పోవచ్చు, కాదంటే మానెయ్యాలి.

పొద్దుటి నుంచి ఆమె ఓపిగ్గా నేర్పుతూనే ఉన్నారు. పిడికిలితో కొడితే నీ వేళ్ళే విరుగుతాయి, అరచేతి అడుగుభాగంతో గడ్డం కిందినుంచి పైకి కొట్టు. దగ్గరికొస్తే మోచెయ్యి. కొట్టిన చెయ్యి వెంటనే వెనక్కి రావాలి. కొట్టేది గెలవడానికి కాదు, పారిపోవడానికి. అవన్నీ వనజాక్షికి తొందరగానే పట్టుబడ్డాయి. కాని హెల్మెట్ వాడికి గడ్డం దొరకదు. మిగిలింది మోకాలే. అక్కడే వస్తోంది చిక్కు.

మళ్ళీ తన్నింది. మళ్ళీ చెయ్యి చాపింది. కామాక్షిగారు పట్టుకుని మెలిపెట్టారు. అలా మెలిపెట్టిన ప్రతిసారీ ఆ మణికట్టును ఒకసారి నిమిరి వదిలేవారు. ఆమె మీద నాకున్న గౌరవం పెరిగింది.

"నేను కావాలని చెయ్యడంలా మేడం. దానంతటదే పోతుండాది."

అది ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. చాటకు కాలు తగిలినా, కాగితానికి తగిలినా వాళ్ళమ్మ ఊరుకునేది కాదు. నడక రాకముందే పిల్లకు అది నేర్పింది. ఆమె పోయాక కూడా ఆ అలవాటు మా ఇంట్లో తిరుగుతూనే ఉంది.

లేచి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. "నన్ను తన్ను."

"పాపం నాయినా!"

"ఆ పాపం నాది. తన్ను."

"ఒరే ముత్యాలూ, నీకేమన్నా పిచ్చా?" అక్క వల వదిలేసి లేచింది.

వనజాక్షి మెల్లగా తన్నింది, చెయ్యి చాపింది. ఆ చేతిని నేను పక్కకు తోసేశాను. "వాడైతే పట్టుకోనుంటాడు. మళ్ళీ." ఈసారి గట్టిగా తన్నింది. చెయ్యి సగందాకా వచ్చింది. తోసేశాను. నా కాలు మండుతోంది, ఆమె కళ్ళల్లో నీళ్ళు. చివరికి ఒక తన్ను తన్ని, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, వెనక్కి దూకి నిలబడిపోయింది. చెయ్యి రాలేదు.

"సరే. పనికి పోవచ్చు" అన్నారు కామాక్షిగారు.

ఒప్పందం ప్రకారం సంతోషించాలి. కాని రాని ఆ చెయ్యి కోసం నా ఒళ్ళంతా ఎదురుచూసింది.

సోమవారం హేచరీలో నాకు కాలు నిలవలేదు. చూసిన తొట్టినే మళ్ళీ చూశాను.

"మీ మొహం చూసి రొయ్యపిల్లలు బెదురుకుంటుండాయి సార్," అన్నాడు నాతో పనిచేసే రూఫస్. "ఇంటికి పోండి. నేను చూసుకుంటా."

గట్టు మీదికి రానని అమ్మాయికి మాటిచ్చాను. ఇంటి ముందు అటూ ఇటూ తిరిగాను. కూర్చున్నాను, లేచాను.

"నేల అరిగిపోతాదిరా," అంది అక్క. తనూ కూర్చోలేదు.

వ్యాన్ వచ్చే వేళ దాటింది. చీకటి పడబోతుండగా వనజాక్షి వచ్చింది. ఒక కాలికి చెప్పు లేదు, పాదం నిండా బురద.

"మణికట్టు పట్టుకున్నాడు నాయినా. అరిచినా వదల్లేదు. బండి మీదే కూర్చోని ఒక కాలు కింద ఆనించుండాడు. ఆ మోకాలినే తన్నినా. బండీ వాడూ కలిసి గుంటలో పడినారు. నేను కాపలా వెంకయ్య మామ షెడ్డుకాడికి పరిగెత్తినా. షెడ్డులో ఉండేవాళ్ళు పోయి వాణ్ణి బయటికి లాగినారు. పోలీసోళ్ళు వచ్చి తీసకపోయినారు."

"దండం పెట్టలేదు కదా మే?" అంది అక్క.

"లేదత్తా." నవ్వబోయి ఏడ్చేసింది. "పడేటప్పుడు వాడు అమ్మా అని అరిచినాడు. అది చెవుల్లోంచి పోవడంలా."

అక్క ఆమెను ఒళ్ళోకి లాక్కుంది. ఇక పని వద్దనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. వాడికి అన్నదమ్ములుంటే? పోలీసులు వాణ్ణి విడిచిపెడితే? అడగాల్సినవి చాలా ఉన్నాయి.

వనజాక్షి ముక్కు తుడుచుకుని, కాళ్ళు కడుక్కుని వచ్చింది. "చెప్పు గుంటలో పోయింది నాయినా. రేపు నీవి ఏసుకోని పోతా."

నా చెప్పులు ఆమెకు బాగా వదులు. పొయ్యి మీద మేకు కాల్చి, పట్టీకి ఇంకో బెజ్జం వేశాను. అది కొంచెం వంకరగా పడింది.