నాలుగో స్లైడు కింది నోట్

విడవలూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో రొయ్యల గుంటలున్న ప్రతి రైతూ ఎప్పుడో ఒకప్పుడు రోజారమణి అంగడి మెట్లెక్కినవాడే. జిరాక్స్ కావాలన్నా, కరెంటు కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టాలన్నా ఆమె ఇంటి ముందుగదిలోని ఆ అంగడికే రావాలి. కానీ ఆమెకు పేరు తెచ్చింది జిరాక్స్ కాదు, ‘గుంటగట్టు’. అది రొయ్యల రైతుల కోసం రెండేళ్లుగా ఆమె ఇంటర్నెట్‌లో నడుపుతున్న చర్చావేదిక. వాట్సాప్ గ్రూపులో ఎవరైనా పనికొచ్చే మాట చెబితే, సాయంత్రానికల్లా అది శుభోదయాల కింద, పూలగుత్తుల కింద పూడిపోతుంది. గుంటగట్టులో అయితే పోయినేడాది మాట కూడా వెతికితే దొరుకుతుంది.

అక్కడ బొమ్మలకూ ఫైళ్లకూ చోటు లేదు, ఉత్త అక్షరాలే. గుంటల దగ్గర సిగ్నల్ ఒక్క గీత వస్తే అదే పండగ. అందుకని కంపెనీల వాళ్లు మీటింగుల్లో తెర మీద వేసే స్లైడులను అక్షరాల్లోకి దించే పని రోజారమణి నెత్తిన పడింది. శీర్షిక అక్షరాలను లావు చేయాలి, అంశాలకు చుక్కలు పెట్టాలి, పట్టికను గళ్లుగా విడగొట్టాలి. లావు చేయాలంటే మాటకు ముందొక గుర్తు, వెనకొక గుర్తు తగిలించాలి. వెనక గుర్తు మరిచిపోతే అక్కణ్ణుంచి పేజీ చివరిదాకా అన్నీ లావైపోతాయి. ఒకసారి అలా జరిగినప్పుడు చిన్నపోలయ్య అనే రైతు ఫోన్ చేసి, "ఏందక్కా, పొద్దున్నే అట్టా అరస్తా ఉండావు" అని అడిగాడు.

ఈ పనిలో ఆమెకు ఒక దురలవాటు కూడా ఉంది. చేతిలో కత్తెర ఊరుకోదు. కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు, యజమాని చిరునవ్వు, చివర్లో గులాబీ పువ్వుతో ధన్యవాదాలు, ఇవన్నీ తీసి పారేసి నలభై స్లైడులను నలభై వాక్యాలు చేసేస్తుంది. పోయిన పంటలో, రొయ్యల మందులమ్మే కంపెనీ మనిషి విజయభాస్కర్ ఉపన్యాసాన్ని దించినప్పుడు ఆయన పేరు ముందున్న డాక్టర్‌ను, పేరు వెనకున్న డిగ్రీల తోకను కూడా కోసేసింది. ఆయన దాన్ని మనసులో పెట్టుకున్నాడు.

ఈ సోమవారం ఆ విజయభాస్కరే కల్యాణమండపంలో మళ్లీ మీటింగు పెట్టాడు. సరుకు నీలకాంతి అనే కొత్త పొడి. ఎకరా గుంటకు ఇరవై కిలోలు చల్లితే ఇక జబ్బనే మాటే ఉండదట. రెండు వందల మంది రైతులు, వాళ్లకు బిరియాని, ముందు వరస నడిమధ్యన రోజారమణి మామగారు మస్తానయ్య. ముప్పై ఏళ్లుగా రొయ్య చేస్తూ రెండుసార్లు మునిగి రెండుసార్లూ తేలిన మనిషి ఆయన. గుంటలకు నీళ్లిచ్చే కాలవ పొడుగునా ఆయన తల ఊపనిదే ఎవరూ గుంటలో రొయ్యపిల్లను వదలరు. విజయభాస్కర్ ముందుగా ఆయనకు శాలువా కప్పి, తర్వాత హాల్లో దీపాలు ఆర్పించి తెర వెలిగించాడు. గంటన్నర ఉపన్యాసంలో మస్తానయ్య పదకొండుసార్లు తల ఊపాడని వెనక వరసవాళ్లు చెప్పారు. ఇంకేముంది, బిరియానికి లేవకముందే అందరూ నీలకాంతికి పేర్లు రాయించుకున్నారు. గురువారం పొద్దున కాలవ మీద అందరూ ఒకేసారి చల్లాలని ఒప్పందం కూడా అయిపోయింది.

మంగళవారం ఉదయం విజయభాస్కర్ స్లైడుల ఫైలు పంపి, వెంటనే ఫోన్ చేశాడు.

"చూడమ్మా, ఈసారి నీ కత్తిరింపులు వద్దు. నా ఫైల్లో ఉన్నదంతా ఉన్నట్టు పెట్టాలి. ఒక్క ముక్క పోకూడదు."

"ఒక్క ముక్క కూడానా సార్?"

"కామా కూడా పోకూడదు."

"ఆ మాట ఒక మెసేజ్ కొట్టండి సార్. నాకు మతిమరుపు" అంది రోజారమణి వినయంగా. ఆయన కొట్టాడు.

ఇంట్లో మామగారిది మరో పోరు. పొద్దుట్నుంచీ మూడుసార్లు ముందుగదిలోకి వచ్చాడు. "అమ్మా రోజా, ఆ మీటింగుది పెట్టినావా? ఏదీ ఎగరగొట్టబాక. మొత్తం పెట్టు." నాలుగోసారి కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడేసరికి, పెద్దాయనకు శాలువా బాగా తలకెక్కినట్టుందని భర్త పెంచల్‌తో చెప్పి ఆమె కిసుక్కున నవ్వింది.

భోజనాలయ్యాక పనిలో కూర్చుంది. స్లైడుకు ఉన్న సుఖం అక్షరానికి లేదు. స్లైడులో ఒకదాని మీద ఒకటి పరిచి కిందిదాన్ని కప్పేయవచ్చు. అక్షరాల్లోకి దించితే మాత్రం అన్నీ బయటికొచ్చి ఒకదాని కింద ఒకటి బుద్ధిగా కూర్చోవలసిందే. ఏడో స్లైడులో సోమవారం అందరూ చూసింది నీలం నీళ్లలో నిగనిగలాడే రొయ్య బొమ్మ. ఆ రొయ్య కిందనుంచి ఇప్పుడొక పట్టిక బయటపడింది. నీలకాంతిని పరీక్షించిన గుంటలు పన్నెండు. అందులో మబ్బు రోజుల్లో చల్లినవి అయిదు. ఆ అయిదింటిలోనూ తెల్లవారేసరికి నీళ్లలో ఆక్సిజన్ పడిపోయింది, మూడింటిలో సగానికి పైగా రొయ్య చచ్చిపోయింది.

రోజారమణి కిటికీలోంచి బయటికి చూసింది. మూడు రోజులుగా పట్టిన మబ్బు ఇంకా విడలేదు. తమవి మూడు గుంటలు, మూడింటిలోనూ అరవై రోజుల రొయ్య. కాలవ మీద చిన్నపోలయ్యకు రెండు, మిగతావాళ్లకు ఇంకా ఎన్నో. గురువారం పొడి పడితే శుక్రవారానికి ఏమవుతుందో ఆ పట్టికే చెబుతోంది.

ఇంకా కిందికి దించితే నోట్లు వచ్చాయి. అవి ఉపన్యాసకుడు ప్రతి స్లైడు కిందా తనకోసం రాసుకున్నవి, తెర మీద కనబడవు. ఒకటో స్లైడు కింద, ‘నవ్వుతూ రావాలి.’ మూడోదాని కింద, ‘ఇక్కడ మా అమ్మ కష్టాలు. గొంతు కొంచెం వణకాలి.’ ఏడోదాని కింద, ‘త్వరగా తిప్పేయాలి. ఎవరైనా ప్రశ్నకు లేస్తే భోజనానికి వేళయిందనాలి.’ రోజారమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే నాలుగోది చూసింది. ‘ముందు వరసలో మస్తానయ్య. ఈ ముసలాయన తల ఊపితే ఊరంతా ఊపుతుంది. ముందే శాలువా కప్పాలి. కప్పించుకున్నవాడు ప్రశ్నలడగడు.’

ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది. ఒళ్లు మండింది. ఆ మనిషి మీద ఎంత మండిందో, పదకొండుసార్లు తల ఊపి కూర్చున్న మామగారి మీద కూడా అంతే మండింది. అయినా రైతులు ఆగడానికి పట్టిక చాలు, పెద్దాయన పరువు నలుగురిలో ఎందుకు తీయడం అనుకుంది. ఒక్క ముక్క పోకూడదన్న మెసేజ్‌ను పక్కన పెట్టి నాలుగో నోట్‌ను కోసేసింది. మిగతాదంతా చక్కగా చుక్కలు, గళ్లు పెట్టి సిద్ధం చేసింది.

పోస్టు పెట్టేలోపే మస్తానయ్య వచ్చి ఎదురుగా స్టూలు లాక్కున్నాడు. ఇక తప్పించుకునే వీలు లేక ఆమె ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, అరగంటసేపు చదివాడు. పట్టిక దగ్గర ఆగి మళ్లీ మొదట్నుంచి చదివాడు. మొహం నల్లబడింది.

"నాలుగో దానికి నోట్ లేదే?"

"ఆయన రాసుకోలేదు మామా."

"గొంతు వణికేదానికి కూడా రాసుకున్నోడు దీనికి రాసుకోకుండా ఉంటాడా? నాకు శాలువా కప్పింది వాడే గదా. చూపించు."

రోజారమణికి చూపించక తప్పలేదు. ఆయన ఆ మూడు నాలుగు వాక్యాలనూ చదివి కళ్లద్దాలు తీశాడు.

"పెట్టు" అన్నాడు.

"జనం నవ్వుతారు మామా. శాలువాకు లొంగిపోయినాడంటారు."

"శాలువా కాదమ్మా. ఆ పొద్దు నాకు ఒక్క ముక్క వినపడలా."

"మైకు బాగలేదా?"

"నా చెవులు బాగలేవు. ఆరేళ్లయింది. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి పట్టుకుంటా. ఆయన దీపాలు ఆర్పేసినాడు, పెదాలు యాడ కనపడతాయి? ఆగినప్పుడల్లా నా పక్క చూసినాడు. ఏదో అడగతా ఉండాడనుకొని తలూపినా."

రోజారమణికి ఒక్కసారిగా ఎన్నో అర్థమయ్యాయి. తనతో మాట్లాడాలంటే తన ముందుకొచ్చి నిలబడి మాట్లాడాలని ఈయన అందరినీ గదమాయిస్తుంటే పెద్దరికం అనుకుంది. వెనకనుంచి పిలిస్తే పలక్కపోతే పొగరనుకుంది. చెవిటివాడన్న మాట పడలేక ఆయన పొగరుబోతన్న మాటను మోశాడు.

"అందుకేనా పోస్టు పోస్టు అని పొద్దుట్నుంచి నా ప్రాణం తీసినారు?"

"మరి నేను వినేది ఆ పోస్టుల్లోనే, ఆడే గదమ్మా."

ఆమె కళ్లు తుడుచుకుని నాలుగో నోట్‌ను దాని చోట్లో పెట్టింది. నాలుగు గంటలకు పోస్టు గుంటగట్టు ఎక్కింది. దాని కింద మస్తానయ్య తన మొదటి వ్యాఖ్యను ఒంటి వేలితో ఇరవై నిమిషాలు కొట్టాడు. ‘నేను మస్తానయ్య. సోమవారం నాకు ఏమీ వినపడలేదు. చెవులు పోయి ఆరేళ్లు. నా తల చూసి పొడి రాయించుకున్నవాళ్లు చల్లొద్దు. పట్టిక చూడండి.’ కొట్టాక కోడలి వైపు తిరిగి, మొత్తం లావు చేయమన్నాడు.

అయిదు కాకముందే విజయభాస్కర్ ఫోన్ వచ్చింది.

"ఏమిటమ్మా ఇది? వెంటనే తీసెయ్."

"కామా కూడా పోలేదు సార్, రెండుసార్లు సరిచూసినాను. మీ మెసేజ్ కూడా పైన పెట్టినాను, నా సొంత పైత్యం అనుకుంటారేమోనని."

"నేను స్లైడులు పెట్టమన్నాను, నోట్లు కాదు."

"మీ పేరు ముందు డాక్టర్ కూడా పెట్టినాను సార్. లావుగా" అంది రోజారమణి. అవతల ఫోన్ పెట్టేశారు.

గురువారం కాలవ మీద ఒక్కరూ పొడి చల్లలేదు. కంపెనీ వ్యాను వచ్చి రైతుల వరండాల్లో అప్పటికే దించిన బస్తాలను మారు మాట లేకుండా ఎక్కించుకుని పోయింది. గుంటగట్టులో మాత్రం మూడు రోజులు వేరే పని జరగలేదు. తన కొడుక్కి ఇప్పుడున్న పేరు పెట్టొచ్చా అని అడిగినప్పుడు కూడా వినపడలేదా మావా అని చిన్నపోలయ్య అడిగాడు. ఉత్తరపు గట్టు తగాదాలో తీర్పు మళ్లీ చెప్పమని సుకుమార్ అనే మరో రైతు అడిగాడు. ఆరేళ్ల తలఊపులన్నీ లెక్కకొచ్చాయి. మస్తానయ్య కుర్చీ వేసుకుని కూర్చుని తన ఫోన్‌లో ఒక్కొక్కటీ చదువుతూ, కడుపు పట్టుకుని నవ్వుతూ, ఒంటి వేలితో జవాబులు కొట్టాడు.

ఆ నవ్వు చూస్తూ జిరాక్స్ తీస్తున్న రోజారమణికి చేతిలో కాగితం ఆగిపోయింది. ఆమె పెళ్లి జరిగి అయిదేళ్లు. వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"మామా, నన్ను చూడను వచ్చిన రోజు మా నాయన వాకిట్లో మీ పక్కనే కూర్చొని షరతులు పెట్టినాడు. మీరు అన్నిటికీ తలూపినారు."

ఆయన ఆమె పెదాలనే చూస్తూ అడిగాడు. "ఏం షరతులమ్మా?"

"నా చేత కంప్యూటరు పని మానిపించకూడదని. ఇంట్లో నాకంటూ ఒక గది ఇయ్యాలని."

అయిదేళ్లుగా పెంచల్‌తో ఎప్పుడు మాట తేడా వచ్చినా ఆమె ఆ షరతులనే ఎత్తి చూపేది. ఈ ముందుగది అప్పట్లో మస్తానయ్యది. కాపురానికొచ్చిన మూడో రోజే ఆయన తన మంచం తానే మోసుకుని వెనక పంచలోకి పోయాడు. వెళ్తూ వెళ్తూ ఆమె కంప్యూటరుకు బల్ల తెచ్చి కిటికీ పక్కన వేశాడు. ఇచ్చిన మాటకు కట్టుబడ్డాడని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది.

"అట్నా" అన్నాడు మస్తానయ్య, మళ్లీ ఫోన్‌లోకి తల వంచుతూ. "మంచి షరతులే పెట్టినాడే మీ నాయన."