రెండు బంతులు

కిందటి వారం తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి డెల్విన్‌కు ప్రతిదీ రెండుగా కనిపిస్తోంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో దూరం నుంచి విసిరిన బంతిని అందుకోవడమే అతని ఉద్యోగం. తెలిస్తే జట్టులోంచి తీసేస్తారనే భయంతో భార్యకు కూడా చెప్పలేదు.

ఆ రోజు మ్యాచ్‌లో, జట్టులో బంతులు విసిరే మార్లన్ అతని వైపు బంతి విసిరాడు. పరిగెడుతూ తల తిప్పిన డెల్విన్‌కు గాలిలో ఒకదాని మీద ఒకటిగా రెండు బంతులు కనిపించాయి. పైదానికి చేతులు చాచాడు. బంతి చేతిలో పడింది. స్టేడియం హోరెత్తింది.

మార్లన్ పరుగున వచ్చి కౌగిలించుకున్నాడు. "ముసలోడివైనా భలే పట్టావురా."

"రెండు కనిపించాయిరా. ఏదో ఒకటిలే అని చెయ్యి పెట్టాను."

మార్లన్ నవ్వు ఆగిపోయింది. "ఎప్పట్నుంచి?"

"పోయిన వారం నుంచి. కోచ్‌కి చెప్పకు."

"ఇక నీకు బంతి వెయ్యడానికి నాకు చేతులు రావు. పద, డాక్టర్ దగ్గరికి."

డెల్విన్ అతని వెంట నడిచాడు. చలికాలానికి చూపు కుదుటపడింది. కానీ అతని జట్టుతో సహా ఏ జట్టూ మళ్లీ ఆడమని పిలవలేదు.