అసిరమ్మ లైను

నేను ఒక ఫైలుని. ఆ మాట వినగానే ఎర్రదారం కట్టుకుని బల్ల మీంచి బల్ల మీదకు ఏళ్ళ తరబడి ప్రయాణం చేసే సర్కారు ఫైలు మీకు గుర్తొస్తే తప్పు మీది కాదు. నాకు దారం లేదు, అట్ట లేదు, దుమ్ము పట్టే యోగం కూడా లేదు. విశాఖపట్నంలో మధురవాడ కొండ మీద ఒక అద్దె గదిలో కొందరు కలిసి రాసిన సాఫ్ట్‌వేర్‌లో నేనొక భాగాన్ని. తెర మీద కనిపించే కొద్దిపాటి లైన్లు, అంతే నేను. ఇవన్నీ ఎలా చూశావు, ఎలా విన్నావు అని మాత్రం అడక్కండి. నాణేలూ గొడుగులూ తమ కథలు చెప్పుకున్నప్పుడు మీరెవరూ అడగలేదు.

నా పనేమిటో తెలియాలంటే పెళ్ళివారి వంటపందిట్లోకి రావాలి. అక్కడ వంటమేస్త్రీ చేతిలో ఒక జాబితా ఉంటుంది. ఏమేం వండాలి, దేనికి ఏది కావాలి, ముందు ఏది పొయ్యి ఎక్కాలి అన్నీ అందులోనే. చింతపండు నానకుండా పులిహోర కాదు, పప్పు ఉడక్కుండా సాంబారు కాదు. సాఫ్ట్‌వేర్‌ని కూడా ఒకే ముద్దగా రాయరు. ముక్కలు ముక్కలుగా రాస్తారు. ఒక్కో ముక్కని మాడ్యూల్ అంటారు. ఆ ముక్కలన్నిటినీ పేర్చి, కూర్చి, మనిషి చేతికి ఇచ్చే వస్తువుగా తయారుచేసేదాన్ని బిల్డ్ సిస్టమ్ అంటారు. అదే మా వంటమేస్త్రీ. దాని చేతిలో జాబితాని నేను. నాలో పేరుంటే విస్తట్లోకి వస్తుంది. పేరు లేకపోతే ఎంత మంచి సరుకైనా కొట్టుగదిలోనే ఉండిపోతుంది.

అందుకే నాకు కాస్త గర్వం ఎక్కువ. ఏ మాడ్యూల్ లోపల ఏముందో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా ఉండేది కాదు. ఎవరి పేరేమిటి, ఎవరికి ఎవరు ఆధారం అన్నది తెలిస్తే చాలు. పెళ్ళిలో ఓ మూల కూర్చుని ఎవరెవరికి ఏమవుతారో చుట్టరికాలు కలిపే ముసలమ్మలు ఉంటారే, నాది ఆ జాతి.

నన్ను రాసింది నీరజ. బొబ్బిలి అమ్మాయి. పని చేస్తున్నంతసేపూ తనలో తాను మాట్లాడుకునేది, పక్కన ఉప్మా చల్లారిపోతున్నా చూసేది కాదు. ఆమె తయారుచేస్తున్న వస్తువు పేరు మాటపెట్టె. గొంతులో జబ్బు చేసి స్వరపేటిక తీసేసిన వాళ్ళకోసం అది. అరచేతిలో పట్టే పెట్టె మీద తెలుగు అక్షరాలు నొక్కితే వాళ్ళ తరఫున అది మాట్లాడుతుంది. నాలో నీరజ మొదట రాసిన పేర్లు ఎంత ముచ్చటగా ఉండేవో! నొక్కిన అక్షరాలకు గుణింతాలూ ఒత్తులూ కూర్చేది ‘అక్షరాలు’. వాటిని ఎలా పలకాలో తేల్చేది ‘ఉచ్చారణ’. పలికేది ‘గొంతు’. అక్షరాలు లేనిదే ఉచ్చారణ లేదు, ఉచ్చారణ లేనిదే గొంతు లేదు అని నాలో వరసగా రాసి, ఒకసారి పైకి చదువుకుని, తానే మురిసిపోయింది.

అలా ఉండగా ఒక పొద్దున అసిరమ్మ వచ్చింది. పూర్ణా మార్కెట్లో ఎండుచేపలు అమ్మే మనిషి. ఆమె కేక వేస్తే రెండు వీధుల అవతల ఉన్న బేరం వెనక్కి తిరిగి వచ్చేదట. ఆ గొంతుకే జబ్బు వచ్చింది. ఆపరేషన్‌కి కొద్ది రోజులే ఉంది. చేయి పట్టుకుని మొగుణ్ణి వెంటబెట్టుకొచ్చింది. ఆయన పేరు గుంపస్వామి. పుట్టుగుడ్డి. పోర్టు ఆఫీసులో కుర్చీలకు కేను అల్లి రిటైరయ్యాడు.

వాళ్ళని చూశాక నీరజకు తన మాటపెట్టె మీద మొదటిసారి దిగులు పుట్టింది. మాట పోయినవాళ్ళు సైగలు చేస్తారు, పలక మీద రాసి చూపిస్తారు. ఈయనకు సైగ కనపడదు, రాత కనపడదు. చెయ్యి పట్టుకుని చెప్పగలిగే మాటలు కొన్నే. ఇక మిగిలింది పెట్టె. కానీ పెట్టె గొంతు ఎవరిదో గొంతు. ఆయనకు భార్య అంటే ముఖం కాదు, ఆ గొంతే.

“పెద్దమ్మా, ఆపరేషన్ అయ్యేలోగా మీ గొంతుతోనే ఇంట్లో వాడే మాటలు కొన్ని రికార్డు చేసి పెట్టెలో పెడతాను” అంది నీరజ. “మంచి మంచి మాటలు చెప్పండి. ఆయనకు గుర్తుండిపోయేవి.”

“మంచి మాటలేటమ్మా?” అంది అసిరమ్మ. “తిట్లు నేకపోతే అది నానేనని మావకెలా తెలుస్తాది?”

గుంపస్వామి పక్కనే కూర్చుని నవ్వాడు. ఆ రోజు ఆమె మైకు ముందు కూర్చుని కాపురమంతా చెప్పేసింది. అన్నం తినీమంది. మంచం కింద సెంబెట్టొద్దని ఎన్నిసార్లు సెప్పాలంది. ముందు గడపుంది, సూసుకోమంది. లే మావా, బస్సెల్లిపోతాదంది. సగం మాటలు బొంగురుపోయాయి. మధ్యలో దగ్గు వస్తే నీరజ ఆపబోయింది గానీ, అది కూడా ఉండనీమంది అసిరమ్మ.

ఇక్కడ మీ మనుషుల గురించి, అందులోనూ సాఫ్ట్‌వేర్ మనుషుల గురించి ఒక మాట చెప్పాలి. పుట్టిన బిడ్డకు పేరు పెట్టడానికి నెలల తరబడి పుస్తకాలు తిరగేస్తారు. అదే హడావిడిలో ఒక మాడ్యూల్ పుడితే మాత్రం, తరువాత మంచి పేరు పెడదాంలే అనుకుని, ‘టెంప్’ అని పడేస్తారు. తాత్కాలికం అని దాని అర్థం. ఆ తరువాత అన్నది ఎన్నడూ రాదు. అసిరమ్మ మాటలు మొదటిసారి ఫ్యాను చప్పుడులో పాడయ్యాయి. అది టెంప్ వన్, ఆ పూటే పోయింది. రెండోసారి బాగా వచ్చాయి. నీరజ నా ఆఖరున ‘టెంప్ టూ’ అని ఒక లైను చేర్చి, పరుగున వెళ్ళి వాళ్ళని బస్సెక్కించి వచ్చింది. లోపల ఏముందో అప్పటికి నాకు తెలియదు, ముచ్చటైన పేర్ల మధ్య ఆ పేరు మాత్రం ఏమాత్రం నచ్చలేదు. పెళ్ళిపందిట్లోకి పిలవకుండా వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాను.

పైగా దానికి చుట్టరికమే లేదు. ఏ మాడ్యూలూ అది నాకు ఆధారం అని చెప్పుకోలేదు. అసిరమ్మ పెట్టె పని చేస్తున్నప్పుడు మాత్రం, ఆమె నొక్కిన మాట ఆ రికార్డుల్లో ఉందేమోనని ‘గొంతు’ వెతుక్కుంటుంది. ఉంటే ఆమె గొంతుతోనే వినిపిస్తుంది. లేకపోతే ఏ ఫిర్యాదూ చేయకుండా యంత్రం గొంతుతో పలుకుతుంది. మాట పోయిన మనిషి మధ్యలో ఆగిపోకూడదని నీరజ దయతలచి అలా రాసింది.

ఆపరేషన్ అయింది. అసిరమ్మ బతికింది. ఐదో తరగతి చదువు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది, అక్షరం పక్కన అక్షరం నొక్కడం నేర్చుకుంది. ఆ తరువాత మాటపెట్టె చాలామందికి చేరింది. వాళ్ళంతా గొంతు పోయాక వచ్చినవాళ్ళే కాబట్టి, టెంప్ టూ లాంటిది మళ్ళీ పుట్టలేదు.

నీరజ పురిటికి బొబ్బిలి వెళ్ళింది. ఆమె కుర్చీలోకి వలీ వచ్చాడు. చీరాల కుర్రాడు. చెప్పులు కూడా గుమ్మం పక్కన సమానంగా సర్ది పెట్టేవాడు. అతను నన్ను తెరిచి చదువుతుంటే నాకు బట్టలు ఇస్త్రీ చేయించుకున్నంత హాయిగా ఉండేది. నాలో ఖాళీలు సరిచేశాడు, పాత లెక్కలు తుడిచాడు. చివరికి టెంప్ టూ దగ్గరకు వచ్చాడు. ఎవరికీ ఆధారం కాదు, పేరు చూస్తే తాత్కాలికం. ఇది ఎవరో మరిచిపోయిన ముక్క అనుకున్నాడు. ఎవరు మాత్రం ఏమనుకుంటారు? లైను తీసేశాడు.

బిల్డ్ మొదలైంది. నేను ఊపిరి బిగపట్టలేదు. నిజం చెప్పాలంటే కాస్త సంతోషపడ్డాను. అన్నీ సవ్యంగా కూడాయి, పరీక్షలన్నీ దాటాయి, తెర మీద పచ్చగుర్తు వెలిగింది. పెట్టెలోకెళ్ళే సరుకు బరువు కూడా తగ్గింది, పని వేగం పెరిగింది. గదిలో అందరూ వలీని మెచ్చుకున్నారు. కొత్త సరుకు ఇంటర్నెట్ మీదుగా అందరి పెట్టెల్లోకీ వెళ్ళిపోయింది, అసిరమ్మ పెట్టెలోకి కూడా.

కొన్నాళ్ళకు ముసలి దంపతులిద్దరూ కొండెక్కి వచ్చారు. ఆమె మెడచుట్టూ పమిట చుట్టుకుని ఉంది. ఆయన చెయ్యి ఆమె భుజం మీద ఉంది. వలీ కుర్చీలు వేశాడు, సౌండు తక్కువ వస్తోందా తాతా అని అడిగాడు.

“సౌండు బాగానే ఉంది బాబూ” అన్నాడు గుంపస్వామి. “మా ఇంట్లోకి ఎవురో ఒకావిడ వచ్చీసింది. మా అసిరి పక్కనే ఉంటాది, మాట మాత్రం ఆవిడెవురో మాటాడతాది. తిట్లు కూడా వార్తలు సదివినట్టు సదువుతాది. పరాయి ఆడమనిషికి నానేటని జవాబు సెప్పను? పలకడం మానీసినాను. నాను పలకనేదని ఇదీ నొక్కడం మానీసింది. ఇంట్లో గోడ గడియారం సప్పుడు తప్ప ఏటీ నేదు బాబూ.”

అసిరమ్మ తల దించుకుని పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వలీకి అర్థం కాలేదు. నీరజకు ఫోన్ చేశాడు. అవతల పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది.

“అక్కా, అసిరమ్మగారి పెట్టెలో గొంతు మారిందంటున్నారు. నేను ‘గొంతు’ మాడ్యూల్ ముట్టుకోలేదు.”

“మరేం ముట్టుకున్నావ్?”

“ఏం లేదక్కా. టెంప్ టూ అని వాడకంలో లేనిదొకటుంటే తీసేశా.”

నీరజ బిడ్డను ఎవరికో అందించినట్టుంది, ఏడుపు దూరమైంది.

“వలీ, అది ఆవిడ గొంతు” అంది నీరజ.

నాకు కూడా ఆ మాట అప్పుడే తెలిసింది. ఇంతకాలం నా ఆఖరు లైనులో చుట్టరికం లేకుండా పడి ఉన్నది, నేను చులకనగా చూసినది, ఒక మనిషి. నాకు చెయ్యి ఉంటే ఆ లైనుని నేనే రాసుకునేవాణ్ణి.

అదృష్టం ఏమిటంటే, మాకు మీలాగా గతం చెరిగిపోదు. నేను మారిన ప్రతిసారీ నా పాత రూపం ఒకటి పక్కన దాగి ఉంటుంది. వలీ వాటిని వెతికి, తీసేసిన లైనుని తిరిగి నాలో పెట్టాడు. అసిరమ్మ మాటలు కొట్టుగదిలో క్షేమంగానే ఉన్నాయి, జాబితాలో లేక బయటికి రాలేదంతే. బిల్డ్ అవుతున్నంతసేపూ అతను ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

“పెద్దమ్మా, తప్పయిపోయింది. తెలియక చేశాను” అన్నాడు.

ఆమె పెట్టె మీద ఒక్కో అక్షరమే నొక్కింది. “పోనీలే నాయనా” అని యంత్రం గొంతు పలికింది. ఆ మాట రికార్డుల్లో లేదు మరి. అయినా ఆ గొంతు అంత మెత్తగా వినిపించడం నాకు అదే మొదలు.

పచ్చగుర్తు వెలిగింది. వలీ పెట్టెను ఆమె చేతికిచ్చాడు. ఆమె మొగుడివైపు చూసింది. ఆయన నోరు కొంచెం తెరుచుకుని, చెవి ఇటు పెట్టి కూర్చుని ఉన్నాడు. ఆమె నొక్కింది.

“లే మావా, బస్సెల్లిపోతాది!”

బొంగురుగా, గదమాయింపుగా, చివర దగ్గుతో సహా. గదిలో పని చేసుకుంటున్న వాళ్ళందరూ తలలు తిప్పారు. గుంపస్వామి దిగ్గున లేచి నిలబడ్డాడు, లేచాక నవ్వాడు, నవ్వుతూనే పంచె కొంగుతో ముఖం తుడుచుకున్నాడు.

“వస్తన్నానే, అరవకు” అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక వలీ నన్ను మళ్ళీ తెరిచాడు. టెంప్ టూ అన్న పేరు కొట్టేసి ‘అసిరమ్మ’ అని రాశాడు. ‘అక్షరాలు’, ‘ఉచ్చారణ’, ‘గొంతు’ల పక్కన ఆ పేరు చక్కగా అమరింది. వాడకంలో లేదు, తీసేయమంటారా అని ఫైళ్ళను తనిఖీ చేసే పనిముట్లు అడుగుతూనే ఉండేవి. వలీ వద్దనేవాడు, నేనూ వద్దనుకునేవాణ్ణి. ఆ దంపతులు చాలా ఏళ్ళు అలాగే పోట్లాడుకున్నారు.

తరువాత ఒక వానాకాలం గుంపస్వామి ఎవరో పక్కింటావిడ చెయ్యి పట్టుకుని వచ్చాడు. పెట్టెను పాత తువ్వాలులో చుట్టి తెచ్చాడు. అసిరమ్మ ఇక లేదని ఆ పక్కింటావిడే చెప్పింది. ఎప్పుడో పనిలోకి తిరిగొచ్చిన నీరజ లేచి ఆయన్ని కూర్చోబెట్టింది.

“ఇది ఇంకెవురికైనా ఇచ్చీయమ్మా. ఊరికే ఉంటే పాడైపోతాది.”

“మీ దగ్గరే ఉంచుకోండి తాతా” అన్నాడు వలీ. “ఆవిడ గొంతు ఉంది కదా అందులో. వినాలనిపించినప్పుడు ఏ మీట నొక్కాలో నేను నేర్పిస్తా. ఇప్పుడు ఒక్కసారి నొక్కమంటారా?”

గుంపస్వామి గబుక్కున చెయ్యి చాచి పెట్టె మీద మూసి పట్టుకున్నాడు.

“వద్దు బాబూ. నువ్వు నొక్కితే నువ్వు పిలిసినట్టుంటాది, నాను నొక్కితే నన్ను నానే పిలుసుకున్నట్టుంటాది. ఆవిడ నొక్కాల గదా.”

పెట్టెను బల్ల మీద పెట్టాడు. వలీ గొడుగు పట్టుకుని ఆయన్ని బస్సు దాకా దింపి వచ్చాడు. ఆ పెట్టె తరువాత, యంత్రం గొంతుతోనే, అనకాపల్లిలో ఒక బడి పంతులికి చేరింది.

నా కథ కూడా అయిపోవచ్చింది. కొత్త బిల్డ్ సిస్టమ్ వచ్చింది, దానికి నా భాష రాదు. వలీ పక్కన కొత్త ఫైలు తెరిచి, నాలోని లైన్లు ఒక్కొక్కటే అందులోకి మార్చాడు. ‘అక్షరాలు’ వెళ్ళింది. ‘ఉచ్చారణ’ వెళ్ళింది. ‘గొంతు’ వెళ్ళింది. చివరి లైను దగ్గర ఆగి, నీరజను పిలిచాడు. ఆమె వచ్చి ఆ పేరు ఒకసారి పైకి చదివింది. ఆ లైనుని కొత్త ఫైలులోకి మార్చలేదు, నాలోంచి తీసేయనూ లేదు. నన్ను అలాగే మూసి, పాత రూపాలుండే చోట భద్రపరిచారు. ఇక్కడ వంట లేదు, మేస్త్రీ లేడు, నన్ను చదివేవాళ్ళూ లేరు. నేనూ అసిరమ్మా ఉన్నాం. ఆమె ఏమీ మాట్లాడదు, నేనూ అడగను.