వేళ్ళ సందుల్లో వాసన

నిమ్మచెక్కతో వేళ్ళ సందులు రుద్దుకుంటుంటే నిన్న కత్తితో తెగినచోట చుర్రుమంది. ఆమె పళ్ళు బిగబట్టి ఇంకా గట్టిగా రుద్దింది. తెల్లారకముందే లేచి చేపల పొలుసు తీసి, వెల్లుల్లి దంచి, కూర దించి, భర్తకి డబ్బా సర్ది, అత్తగారికి విడిగా తీసిపెట్టింది. ఉప్పు, కాఫీపొడి, స్టీలు గరిటె, ఎవరేది చెబితే అది చేతులకి రుద్ది చూసింది. సబ్బు వాసన కింద వెల్లుల్లీ, వెల్లుల్లి కింద చేపా కొత్తకోడళ్ళలా అణిగిమణిగి ఉండి, కాస్త చెమట పట్టగానే బయటపడేవి.

ఆమె పని కళ్ళద్దాల దుకాణంలో. కొత్త అద్దాలు ముఖానికి పెట్టి, చెవుల వెనక కాడలు సరిచేసి, ముక్కు మీద కుదిరాయో లేదో చూడాలి. ఆ రోజు ఒక పెద్దావిడ తల వెనక్కి లాక్కుని, "పొద్దున్నే చేపలా అమ్మా!" అంది. చుట్టూ నవ్వారు. అలవాటుకొద్దీ ఆమె కూడా నవ్వింది.

సాయంత్రం యజమాని పిలిచాడు. "రేపట్నుంచి వెనక గదిలో అద్దాలు తుడువమ్మా. కౌంటర్ ఇంకొకళ్ళు చూసుకుంటార్లే."

"రేపు నా చేతులు వాసన రావు సార్. వస్తే అప్పుడు పంపండి," అంది. ఎలా రావో ఆ క్షణాన తనకే తెలియదు.

బస్సులో పిడికిళ్ళు బిగించి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొన్న భర్త స్నేహితులు భోజనానికొస్తే, వడ్డించబోతున్న తనని వాళ్ళ ముందే ఆపి, "ముందు చేతులు కడుక్కురా, కంపు" అన్నాడు భర్త. ఆ తర్వాత అదే కూర తిని వేళ్ళు నాక్కున్నాడు. ఆయన వేళ్ళకి అంటితే రుచి, తన వేళ్ళకి అంటితే కంపు! ఇన్నాళ్ళూ తను రుద్దుతున్నది వాసనని కాదు, తన చర్మాన్నే.

ఇంట్లో సంగతి చెప్పింది.

"ఆయన వ్యాపారం ఆయనది మరి," అన్నాడు భర్త. "ఇంకాస్త ముందు లేచి, వంటయ్యాక మరోసారి స్నానం చేసి వెళ్ళు."

"పోనీ ఉద్యోగం మానెయ్యమ్మాయ్, ఈ తిప్పలెందుకు?" అంది అత్తగారు.

"ఉద్యోగం మానను అత్తయ్యా. పొద్దుటి వంట మానేస్తున్నాను."

భర్త నవ్వాడు. "జోకులాపు. రేపటికి చేపలు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టా. అవెవరు కడుగుతారు?"

"తినేవాళ్ళు."

మర్నాడు చేపలు ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. భర్త ఎండు బ్రెడ్డు నమిలి, తలుపు దభాలున వేసుకుని వెళ్ళాడు. అత్తగారు మూతి ముడుచుకుని కూర్చుంది. ఆమె మాత్రం తల దువ్వుకుని బయల్దేరింది. దుకాణంలో వెనక గది వైపు చూడకుండా నేరుగా కౌంటర్ దగ్గర నిలబడింది. యజమాని తలెత్తాడు. అతను నోరు తెరిచేలోపే ఆమె కొనడానికొచ్చినవాళ్ళ వరుస వైపు తిరిగింది.

"తర్వాత ఎవరండీ? ఇలా రండి."