ప్యాంటు లోపలుంది

మా వీధిలో మా ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు, షరతులాయన అంటారు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం ఆయనది. అక్షరం కంటపడితే చివరిదాకా చదవనిదే వదలరు. ఉద్యోగం వరకూ అది మంచిదే. కానీ ఆ అలవాటును ఇంటికి కూడా మోసుకొచ్చారు. ఇంట్లో ఏ వస్తువైనా "అంగీకరిస్తున్నాను" అనే మీట చూపిస్తే ఆయన మొత్తం చదివేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. చదివాక ఆయన ఎలాగూ ఒప్పుకోరు. అందుకే మా టీవీ నెలల తరబడి షరతుల పేజీ మీదే ఆగిపోయి ఉంది. బరువు చూసుకునే యంత్రం మా బరువులు చెప్పడం మానేసింది. దాని విషయంలో మాత్రం నాకూ మా అత్తగారికీ ఏ ఫిర్యాదూ లేదు.

నేను మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తాను. మందుపెట్టెలో మడిచిపెట్టిన కాగితం పూర్తిగా చదివితే లోకంలో ఒక్కరూ మాత్ర మింగరు. కొన్ని చదవకుండా మింగెయ్యాలి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు ఎక్కదు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఇళ్లలో వాడే యంత్రాల సంగతి చూడమని ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. "ప్రజల అభిప్రాయాలకు ఆహ్వానం" అని వాళ్లు ఏదో మర్యాదకు అంటే, ఈయన నిజంగానే రాసి పంపడం మొదలుపెట్టారు. మనం కొనుక్కున్న వస్తువును కొన్నాక కూడా కంపెనీ ఎలా ఆడిస్తోందో ఏళ్ల తరబడి రాశారు. ఉలుకూ పలుకూ లేదు. అలాంటిది ఈమధ్య పిలుపు వచ్చింది, బహిరంగ విచారణలో మాట్లాడమని. పది నిమిషాలు ఇస్తారట. ఆ రోజు ఆయన ముఖం చూడాలి. మా పెళ్లిలో కూడా అంత వెలగలేదు.

విచారణ రోజు పొద్దున్నే అత్తగారు కొడుకు మీద ప్రేమకొద్దీ ఒక పని చేశారు. పెద్దవాళ్ల ముందు నిలబడేవాడు మాసిన బట్టలతో ఎలా వెళ్తాడని, ఆయనకున్న మూడు ప్యాంట్లూ వాషింగ్ మెషిన్లో పడేశారు. తోడుగా తన కొత్త ఎర్ర తువ్వాలు కూడా వేశారు. మెషిన్ ఉతికింది, పిండింది, ఆగింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. పైనున్న చిన్న తెర మీద అక్షరాలు వచ్చాయి: "మా షరతులు మారాయి. అంగీకరిస్తే తలుపు తెరుచుకుంటుంది."

అప్పటికే ఆయన ఇస్త్రీ చొక్కా వేసి, టై కట్టి, కింద గళ్ల నిక్కరుతో ప్యాంటు కోసం ఎదురుచూస్తున్నారు.

"ఎవరూ ముట్టుకోకండి," అన్నారు, ఫోన్ తీసి కుర్చీ లాక్కుంటూ.

షరతులు ఆయన ఫోన్లోకి వచ్చాయి. అరవై నాలుగు పేజీలు. మెషిన్ ఆయన పేరు మీద ఉంది కాబట్టి మీట నొక్కడానికి ఆయన బొటనవేలే కావాలి.

"ఒరేయ్, ఆ వేలు ఒక్కసారి ఇటివ్వరా," అని అత్తగారు బతిమాలారు.

"చదువుకోనీ అమ్మా."

"చదువుకో. ఎవరొద్దన్నారు? వేలు నాకిచ్చి చదువుకో."

కాసేపటికి ఆయన కుర్చీలోంచి ఎగిరి లేచారు. "దొరికింది! వినండి. ఈ కంపెనీ వస్తువుల గురించి వాడేవాళ్లు బహిరంగ వేదికల మీద చెడుగా మాట్లాడకూడదట!" ఆ ఆనందం ఎంతోసేపు నిలవలేదు. మీట నొక్కితే విచారణలో నోరెత్తడానికి లేదు. నొక్కకపోతే వెళ్లడానికి ప్యాంటు లేదు. కక్కలేక మింగలేక అలాగే నిలబడిపోయారు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన పది నిమిషాలు ఒక గాజు తలుపు వెనక ఇరుక్కున్నాయి. నాకు జాలేసింది, కానీ జాలి కంటే ముందు ఒళ్లు మండింది.

పరిగెత్తి వెళ్లి పక్కింటాయన ప్యాంటు అడిగి తెచ్చాను. ఆయన పొట్టి, ఈయన నిచ్చెన. అది మోకాలు దాటి జానెడు దిగి ఆగిపోయింది.

"పోనీ, దారిలో కొత్తది కొనుక్కుందామండీ."

"నా ప్యాంట్లు మూడు నా ఇంట్లో, నా మెషిన్లో ఉంటే నాలుగోది ఎందుకు కొనాలి?"

అత్తగారు సుత్తి పట్టుకొచ్చారు. గ్యారంటీ పోతుందని ఆయన అడ్డుపడ్డారు. ఇక నా ఓపిక అయిపోయింది. "అయితే ఆ మెషిన్నే నెత్తిన పెట్టుకుని వెళ్లండి! అక్కడే కూర్చుని చదువుకోండి!" అని అరిచాను.

కోపంలో అన్న మాటను ఎవరైనా వదిలేస్తారు. మా ఆయన అక్షరం వదలరు. ఒక్క క్షణం ఆలోచించి, "అదే సరైన పని," అన్నారు.

సామాన్లు మోసే చిన్న వ్యాను పిలిచాం. మెషిన్ పక్కన ఆయన, ఆయన పక్కన నేను, సుత్తితో అత్తగారు. విచారణ జరిగే హాలు గుమ్మం దగ్గర కాపలాదారు ఆయన్ని కిందనుంచి పైదాకా చూశాడు.

"ప్యాంటు లేకుండా లోపలికి పంపకూడదు సార్."

"ప్యాంటు లోపలుంది," అన్నారు మా ఆయన మెషిన్ చూపిస్తూ. "ముందు దాన్ని పంపండి. వెనకాల నేనొస్తాను."

లోపల కమిషన్ అధ్యక్షురాలైన రిటైర్డ్ జడ్జిగారు వింటున్నారు. కంపెనీ తరఫున వచ్చిన సూటబ్బాయి చెబుతున్నాడు: "వినియోగదారుడే మాకు దేవుడు మేడమ్. అంగీకారం పూర్తిగా వాళ్ల ఇష్టం. బలవంతం అనే మాటే లేదు." సరిగ్గా అప్పుడే మా మెషిన్ నీళ్లు కారుస్తూ, గచ్చును గీస్తూ లోపలికి వచ్చింది.

సంగతంతా విన్నాక అధ్యక్షురాలు కళ్లజోడు సర్దుకుని, "దేవుడు నిక్కరులో ఉన్నాడేమిటి?" అని అడిగారు. హాలంతా గొల్లుమంది.

"ఒక్క మీట నొక్కితే అయిపోతుంది కదా మేడమ్," అన్నాడు సూటబ్బాయి.

"సరే. మీరు చదివి వినిపించండి. ఆయన నొక్కుతారు."

పాపం చదవడం మొదలుపెట్టాడు. మూడో పేజీకి గొంతు ఎండింది. పదో పేజీకి చెమటలు పట్టాయి. ఒకచోట చటుక్కున ఆగాడు.

"తర్వాత?"

"తర్వాతదంతా మామూలేనండి."

"ఆ మామూలే చదవండి."

చెడుగా మాట్లాడకూడదన్న ఆ వాక్యం అతని నోటితోనే చదివించారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అతను తడబడుతూ ఓ మూలకు వెళ్లి ఎవరికో ఫోన్ చేశాడు. మెషిన్‌కు కరెంటు, మా ఫోన్ నుంచి నెట్ ఇమ్మన్నాడు. ఇచ్చిన మరుక్షణం టక్కుమని తలుపు తెరుచుకుంది.

"చూశారా మేడమ్, ఎంత వేగంగా స్పందించామో!"

"ఎక్కణ్ణుంచి తెరిచారు?"

"మా ఆఫీసు నుంచే."

"ఎవరింట్లో మెషినైనా అలా తెరవగలరా?"

"ఎవరింట్లోదైనా మేడమ్!" అన్నాడు గర్వంగా.

"మరి మూయడం కూడా అక్కణ్ణుంచేనా?"

అతను ఫోన్ జేబులో దాచుకున్నాడు.

ఈలోపు అత్తగారు ప్యాంట్లు బయటికి లాగారు. ఎర్ర తువ్వాలు పుణ్యమా అని మూడూ గులాబీ రంగుకు తిరిగాయి. మా ఆయన వేదిక మీది తెర వెనక్కి వెళ్లి ఒకటి తొడుక్కుని, తడి ప్యాంటుతో, చేతిలో కాగితాల కట్టతో మైకు ముందుకొచ్చారు. ఇచ్చింది పది నిమిషాలే. ఈయన ఏ విషయమైనా గంటకు తక్కువ మాట్లాడగా నేను చూడలేదు.

కాగితాలు చూశారు. మెషిన్ వైపు చూశారు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మెషిన్ మాదండి. కరెంటు మాది, నీళ్లు మావి, బట్టలు మావి. తలుపు మాత్రం వాళ్లది. నేను చెప్పాల్సింది ఇంతే."

వచ్చి కూర్చున్నారు. చప్పట్లు మోగుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ షరతును అప్పటికప్పుడు నిలిపేస్తున్నామని అధ్యక్షురాలు ప్రకటించారు. మా ఆయన్ని సలహా సంఘంలో చేరమని కూడా అడిగారు.

వ్యాన్లో తిరిగొస్తుంటే ఆయన ఫోన్ మోగింది. కమిషన్ నుంచి: "సలహా సంఘం నియమాలు చదివి, అంగీకరించండి." ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు.

"ఇక అయిపోయింది," అన్నాను. "మీరు అది చదివేలోగా సంఘం గడువే తీరిపోతుంది. అసలు మీ జన్మలో చదవకుండా దేనికైనా ఒప్పుకున్నారా?"

ఆయన ఫోన్ లోంచి తలెత్తి నావైపు చూశారు. "ఒప్పుకున్నాను. నిన్ను."

నేను గబుక్కున మెషిన్ వైపు తిరిగాను. ఎదురుగా అత్తగారు సుత్తి ఒళ్లో పెట్టుకుని కొడుకును ఎగాదిగా చూశారు.

"మంచి పని చేశావురా. చదివుంటే ఇంకా బ్రహ్మచారిగానే ఉండేవాడివి."