పదిహేడో నంబరు

సిల్వానో ఎడమ బూటుకు ఇనుప చెప్పు బిగిస్తున్నాడు. పట్టీని మూడో రంధ్రం దాకా లాగాడు. మడమను రెండుసార్లు నేలకేసి తాటించాడు. నచ్చలేదు, విప్పి మళ్లీ బిగించాడు. కుడికాలి బూటు కొత్త పెళ్లికొడుకులా నిగనిగలాడుతోంది, దానికి పనేముంది గనక! స్పీడ్‌వే పందెంలో బండి తిరిగేదెప్పుడూ ఎడమకే. మలుపులో నేలను గీరుకుంటూ మనిషిని మోసేది ఎడమకాలే. అరిగిపోయిన ఆ చెప్పు అడుగుకు దశరథ్ నిన్ననే కొత్త రేకు అతికించి తెచ్చాడు.

"అన్నా, దీంట్ల అసలు చెప్పు యాడుందో ఇగ నాకే తెల్వదు. అన్నీ అతుకులే."

దశరథ్‌ది నిజామాబాద్. పేరులో పది రథాలున్నా చేతికందింది ఈ ఒక్క బండే. వారమంతా మ్యూనిక్ కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేస్తాడు, ఆదివారం బ్రేకులే లేని ఈ బండికి ఊడిగం చేస్తాడు. మాట జర్మన్‌లో మొదలుపెట్టినా, నవ్వొస్తే తెలుగులోకి జారిపోతాడు, కోపమొస్తే అక్కడే ఉండిపోతాడు. ఆరేళ్ల సావాసంలో సిల్వానోకు ఆ మాటలు పట్టుబడలేదు గాని గొంతు పట్టుబడింది. 'ఏం గాదు' అన్న ముక్క మాత్రం సొంతమైంది.

నిజంగానే ఏమీ కాలేదు. ఇటలీలో మొక్కజొన్న చేల పక్క ట్రాకు మీద పదిహేడేళ్లకు బండెక్కాడు. ఇప్పుడు నలభై తొమ్మిది. జర్మనీలో ఇరవై రెండేళ్లు. మెడ ఎముక మూడుసార్లు విరిగింది, కాపురం ఒక్కసారే. పోస్టరు మీద ఒక్కసారి పడ్డాడు, గెలిచినవాడి వెనక సగం భుజంగా. మిగతా రోజుల్లో గోడౌనులో పెట్టెలు మోస్తాడు. అక్కడ సగంమంది చదువుకోవడానికొచ్చిన తెలుగు పిల్లలు. వాళ్లకు ట్రాలీ తోయడం నేర్పేది ఇతనే. రెండేళ్లలో వాళ్లు ఉద్యోగాలొచ్చి వెళ్లిపోతారు. ఇతను మళ్లీ మొదటి పాఠం దగ్గరే ఉంటాడు.

పందెంలో పదహారుమంది. పదిహేడో నంబరు మొదటి రిజర్వు, పద్దెనిమిది రెండోది.

"మన రైళ్లల్ల రిజర్వేషనుంటే సీటు ఖాయం. ఈడ రిజర్వంటే సీటు లేదని ఖాయం," అంటాడు దశరథ్.

రోజంతా కలిపి ఇరవై విడి పందేలు, ఒక్కోదానికి నాలుగేసి బండ్లు గీత మీద నిలబడతాయి. ముందు అడ్డంగా టేపులు. అవి పైకి లేచాకే కదలాలి. తొందరపడి ఎవడైనా వాటిని తాకితే వాణ్ణి బయటికి పంపి పదిహేడును పిలుస్తారు. ఇంకొకడి తొందరే సిల్వానో బతుకుతెరువు.

క్లబ్బు మేనేజరు ఓట్మార్ పొద్దున్నే చెప్పాడు: "ఇవాళ ఒక్క పాయింటు తెస్తే వచ్చే ఏడాదీ పదిహేడు నీదే. లేకపోతే..." జర్మన్‌లో క్రియ చివర్న వస్తుంది. ఆయన చివరిదాకా రాలేదు.

మూడో స్థానానికి ఒక పాయింటు. నలుగురిలో ఒక్కణ్ణి దాటితే చాలు.

ఫోన్లో దశరథ్ భార్య సుభద్ర, గోదావరి పిల్ల, గట్టిగా ప్రకటించింది: "మీ అన్నయ్యగారు పాయింటు తెస్తే పాయసం, సున్నా తెస్తే సున్నుండలు! ఏదైనా సరే, తినడానికి వచ్చెయ్యమనండి."

ఒకటో పందెం నుంచి తోలు సూటులో, చెమటలో, స్టూలు మీదే కూర్చున్నాడు సిల్వానో. పది పందేలయ్యాయి. పదిహేను అయ్యాయి. ఇవాళ అందరికీ బుద్ధిమంతులవ్వాలనిపించినట్టుంది. పద్దెనిమిది.

పంతొమ్మిదో పందెంలో నీలం టోపీ కుర్రాడు టేపు తెంపాడు.

"పదిహేడు!" అని మైకు అరిచింది. రెండు నిమిషాలే గడువు. దశరథ్ బండి తోసుకుంటూ పరుగెత్తాడు. హెల్మెట్‌కు నీలం తొడుగు లాగి బిగిస్తూ అన్నాడు: "నాకు ఈ దేశంల ఉండనీకి బ్లూ కార్డు, నీకు బ్లూ టోపీ. సెటిలైనం పో అన్నా! ఏం గాదు."

గీత దగ్గర సిల్వానో వేళ్లు క్లచ్ మీద ఆగాయి. మూడు టేపులు. ముప్ఫై ఏళ్లుగా వాటిని ఇంకెవరైనా తాకుతారేమోనని కాచుకున్న కళ్లు. గాలి వీచింది. పై టేపు కాస్త లేచింది.

అతని వేళ్లు విడిపోయాయి.

రొమ్ముకు ఏదో మెత్తగా తగిలి తెగింది. ఎర్ర దీపం వెలిగింది. "పద్దెనిమిది!" అంది మైకు.

ఓట్మార్ వచ్చాడు. పదిహేడో నంబరు గుడ్డ విప్పించుకుని, నాలుగు మడతలు పెట్టి, "డాంకె" అని థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు.

"గాలికి కదిలిందన్నా! నేను జూసిన. పోయి అడుగుత వాళ్లను," అంటూ దశరథ్ అధికారుల వైపు కదిలాడు.

సిల్వానో అతని చొక్కా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఏం గాదు," అన్నాడు.

వ్యాను తెమ్మని అతణ్ణి పంపాడు. కూర్చుని పట్టీ విప్పాడు. తోలు సూటు మడిచి బండి మీద వేశాడు. చిన్న సంచీ భుజాన తగిలించుకుని గేటు దాటాడు. వెనక ఆఖరి పందెం హోరు. ఎస్-బాన్ రైలు స్టేషనుకు దారి కుడిచేతివైపు. ఒక్క క్షణం ఆగి, అలవాటు లేనివాడిలా అటు తిరిగాడు.

దశరథ్ వ్యాను తెచ్చేసరికి స్టూలు మీద మనిషి లేడు. పిలిచాడు. ఫోన్ చేశాడు, మోగి మోగి ఆగిపోయింది.

స్టూలు మీద ఇనుప చెప్పు బోర్లా ఉంది. నిన్న అతికించిన రేకు ఎండకు మెరుస్తోంది, దాని మీద ఒక్క గీతైనా పడలేదు.